గుడి మండపంలో జాషువా పద్యం పాడాను, తప్పు చేశానా?

పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరుతూ కోస్తా జిల్లాల నుంచి ఒక గాయని రాసిన ఉత్తరం ఇది. పెద్ద ఉత్తరం కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. చిన్నప్పటి నుంచి ఒకే గురువుగారి దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. ఆకాశవాణి కళాకారులకు ఇచ్చే గ్రేడుల్లో ఆమెది బి-హై. ఇంట్లో పిల్లలకు పాఠాలు చెబుతారు. భర్త ప్రభుత్వ ఉపాధ్యాయుడు. మొన్న దసరా నవరాత్రుల్లో ఊళ్లోని అమ్మవారి గుడి మండపంలో ఆమె కచేరీ జరిగింది. తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే మోగే ఘట్టం) అయ్యాక, తుక్కడాలనే చివరి చిన్న పాటలు పాడే చోట, కవి జాషువా ‘గబ్బిలం’లోని రెండు పద్యాలు రాగమాలికగా, అంటే రాగాలు మారుస్తూ, ఎత్తుకున్నారు. శుభపంతువరాళిలో మొదలుపెట్టి సింధుభైరవిలో ముగించారు. పాడబోయే ముందు ఒక్క మాట చెప్పారు: “ఒకప్పుడు ఈ గుడి మెట్లు ఎక్కనివ్వని వాళ్ల కోసం ఇది పాడుతున్నాను.”

ముందు వరుసలో కొందరు లేచి వెళ్లిపోయారు. వెనకాల నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు. కమిటీ కార్యదర్శి శాలువా కప్పుతూనే “ఇది రాజకీయ వేదిక కాదమ్మా” అన్నారు. ఆ రాత్రికే పద్యం ముక్క వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కింది. ఒక పార్టీవాళ్లు ‘మన గొంతు’ అని పంచుకున్నారు, ఇంకో వర్గం వాళ్లు చదవలేని మాటలు రాశారు. మృదంగం వాయించే ఆయన చాలా రోజులు ఫోను ఎత్తలేదు, చివరికి ఎత్తి “నాకూ నాలుగు కచేరీలు కావాలి కదమ్మా” అన్నారు. గురువుగారు “పాటలో నువ్వు కనబడకూడదు, దేవుడు కనబడాలి” అని ఊరుకున్నారు. ఇద్దరు పిల్లలు పాఠం మానేశారు. సంక్రాంతి ఉత్సవాలకు పిలిచిన సభవాళ్లు, పాడబోయే పాటల జాబితా ముందుగా పంపమని, ‘వివాదానికి తావు లేకుండా’ చూడమని అడిగారు. ఇంతలో ఒక పార్టీ నాయకుడు ఇంటికి వచ్చి, బహిరంగ సభలో పాడమని, ప్రచార గీతం కూడా రికార్డు చేసి ఇమ్మని కోరారు. ఆయన ఇస్తానన్న సొమ్ము ఆమెకు ఏడాది కచేరీల మీద వచ్చేంత. రేడియో గ్రేడు పోతుందేమోనన్న భయం ఒకవైపు, భర్త ఉద్యోగానికి ఏమైనా అవుతుందేమోనన్న బెంగ ఇంకోవైపు.

“సంగీతంలో రాజకీయం కలపకూడదు అంటున్నారు. కలపకుండా నోరు మూసుకుంటే పిరికిదాన్నా? కలిపితే సంగీతాన్ని వాడుకున్నదాన్నా? నాకు తెలియడం లేదు” అని ముగించారు.

సమాధానం

అమ్మా, ముందు మృదంగం ఆయన సంగతి మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో ఆయనకు రెండు వాక్యాలే దక్కాయి గానీ, నాకు ముల్లు అక్కడే కనబడింది.

పద్యానికి తాళం ఉండదు. మీరు పద్యం ఎత్తుకోగానే ఆయన చేతులు వాద్యం మీద ఆనించి కూర్చుని ఉంటారు. వయొలిన్ ఆయన రాగం పట్టుకుని మీ వెంట వచ్చారు, శుభపంతువరాళి దాటి మీరు ఎటు తిరుగుతారో చూసుకుంటూ. మృదంగానికి ఆ కాసేపూ పనే లేదు. కానీ వీడియోలో మీ పక్కన ఆయన ముఖం ఉంది. ఒక్క దెబ్బ కూడా వేయని పద్యానికి ఆయన వీధిలో, సభల్లో, బహుశా ఇంట్లో కూడా జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఆయనకు ముందుగా చెప్పారా? చెప్పానని మీరు రాయలేదు. చెప్పలేదనే అనుకుంటున్నాను.

పద్యం పాడింది తప్పని నేను అనను. ఆ పద్యం పాడాలని మీకు అనిపించినందుకు నాకు ఎంతో సంతోషంగా ఉంది. మీ నిర్ణయం మీది, దాని కష్టం మీరు మోస్తారు, ఆ హక్కు మీకు పూర్తిగా ఉంది. ఆయనకు మాత్రం మోస్తారో లేదో చెప్పుకునే అవకాశమే రాలేదు. పక్కవాద్యం వాళ్లకు కచేరీకి ఇంత అని ఇస్తారు, పేరు మీదే పెద్దగా వేస్తారు, పిలుపులు మాత్రం సభ కార్యదర్శుల ఫోన్ల మీద ఆధారపడి వస్తాయి. రాజకీయం గురించి ఏ నిర్ణయం తీసుకున్నా సరే, ముందు ఆయన ఇంటికి వెళ్లి రండి. ఫోనులో అయ్యే మాట కాదు ఇది. “ముందే చెప్పి ఉండాల్సింది” అని మీరు అంటే, ఆయన తిరిగి మీతో వాయించినా వాయించకపోయినా మీ మధ్య మాట నిలుస్తుంది.

ఇక కార్యదర్శిగారి మాట. ‘ఇది రాజకీయ వేదిక కాదు.’ మీరు పాడింది రాజకీయమా?

‘గబ్బిలం’లో ఏముంది? గుడిలోకి అడుగుపెట్టనివ్వని ఒక పేదవాడు, గుడిలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలంతో కాశీ విశ్వేశ్వరుడికి తన గోడు చెప్పి పంపుతాడు. 1941లో వచ్చిన కావ్యం. తొమ్మిదేళ్లు తిరక్కుండానే రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. అంటే మీరు మండపంలో పాడిన మాట ఈ దేశపు మూల చట్టం ఒప్పుకున్న మాట. దాన్ని కాదనే ధైర్యం బహిరంగంగా ఏ పార్టీకీ లేదు. జాషువాకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. ఆ రోజు లేచి వెళ్లిపోయిన ముందు వరుస పెద్దలకు ఇంకో సంగతి గుర్తుచేయాలని నాకు మనసు లాగుతోంది. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వస్తే ఒన్స్ మోర్ కొట్టి మళ్లీ మళ్లీ పాడించుకున్న శ్మశానం పద్యాలు ఉన్నాయి కదా, అవి జాషువావే. బలిజేపల్లివారి నాటకంలోకి అవి వచ్చి చేరాయి. మన ఊళ్లు ఆయన్ని ఎన్నో దశాబ్దాలుగా వింటూనే ఉన్నాయి, చాలామంది ఎవరివో తెలియకుండానే.

అయినా రాజకీయం కాదు అని చెప్పి మిమ్మల్ని తప్పించడం నాకు ఇష్టం లేదు. ఎవరు గుడిలోకి రావచ్చు, ఎవరు రాకూడదు అన్నది రాజకీయమే, అందులోనూ పెద్ద రాజకీయం. మీరు గుడి మెట్ల ప్రస్తావన తెచ్చి మరీ పాడారు. అదే పద్యం ఒక సాహిత్య సభలో పాడితే ‘ఎంత బాగా పాడారండీ’ అని ఊరుకునేవారు. చోటు, ముందు చెప్పిన మాట, రెండూ కలిసి దానికి పదును పెట్టాయి. ఆ పదును మీరు కావాలనుకున్నదే. కాబట్టి “నేను రాజకీయమేమీ మాట్లాడలేదు” అని ఎవరి దగ్గరా సంజాయిషీ చెప్పకండి. “మాట్లాడాను, ఏ పార్టీ తరఫునా కాదు” అంటే సరిపోతుంది, అది నిజం కూడా.

గురువుగారి మాటకు బరువుంది. పాడేవాళ్లు తమను తాము ముందు పెట్టుకుంటే పాట పలచబడుతుందన్నది ఆయన జీవితమంతా నమ్మిన సంగతి, దాన్ని ఛాందసం అని కొట్టిపారేయకండి. కానీ ఆయన నేర్పిన పాఠంలోనే ఇంకో వైపు కూడా ఉంది. త్యాగరాజస్వామి ‘నిధి చాల సుఖమా’ అని అడిగింది ధనాన్నీ నరస్తుతినీ పక్కన పెట్టడానికి. ‘తెలియలేరు రామ భక్తి మార్గమును’ అన్నప్పుడు ఆయన తన చుట్టూ ఉన్న మనుషుల వేషాలనే ఎత్తి చూపించాడు. అన్నమయ్య ‘బ్రహ్మమొక్కటే’లో రాజు నిద్రా బంటు నిద్రా ఒకటే అన్నాడు, బ్రాహ్మణుడు మెట్టే నేలా చండాలుడు ఉండే నేలా ఒకటే అన్నాడు. ఆ కీర్తన మన గుళ్లలో మైకుల్లో మోగుతూనే ఉంటుంది. దానికి ఎవరూ లేచి వెళ్లరు.

ఎందుకు వెళ్లరు? అన్నమయ్య పైనుంచి కిందికి చూసి అందరూ ఒకటే అన్నాడు. జాషువా కింద నిలబడి, మరి నన్నెందుకు రానివ్వలేదు అని అడిగాడు. మొదటిది వింటే మనసు చల్లబడుతుంది, రెండోదానికి జవాబు చెప్పాలి. ఈ తేడాను గురువుగారితోనే మాట్లాడండి. వాదనకు దిగకుండా, ఒక సాయంత్రం ఆయన ముందు కూర్చుని ఆ రెండు పద్యాలూ మళ్లీ పాడి వినిపించండి. రాగం ఎక్కడ నిలిచింది, మాట ఎక్కడ విరిగింది, సింధుభైరవిలోకి దిగడం తొందరగా జరిగిందా అని అడగండి. నాకు తెలిసిన పెద్ద విద్వాంసుల్లో చాలామంది విషయం మీద అలుగుతారు గానీ, పాట మీద అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండలేరు. ఆయన ఒప్పుకోకపోవచ్చు. విన్నాక ఒప్పుకోకపోవడానికీ, వినకుండానే ఊరుకోవడానికీ చాలా తేడా ఉంది.

వేదిక సంగతికి వద్దాం. పిలిచినవాళ్లకు చెప్పకుండా అలాంటిది పాడవచ్చా? ఇక్కడ మీకు ఒక పరాయిదేశపు కచేరీ గురించి చెప్పాలి. 2001 జూలైలో జెరూసలేంలో డేనియల్ బారెన్‌బాయిమ్ అనే యూదు సంగీతకారుడు బెర్లిన్ ఆర్కెస్ట్రాతో కచేరీ చేశాడు. జర్మన్ స్వరకర్త వాగ్నర్ సంగీతం హిట్లర్‌కు ప్రీతిపాత్రం కాబట్టి ఇజ్రాయెల్‌లో దాన్ని బహిరంగంగా వాయించకూడదన్న అలిఖిత నిషేధం ఎప్పటినుంచో ఉంది. ఉత్సవ నిర్వాహకుల అభ్యంతరం మీద ఆయన కార్యక్రమంలోంచి వాగ్నర్‌ను తీసేశాడు. కచేరీ మొత్తం అయిపోయింది. అప్పుడు శ్రోతల వైపు తిరిగి, వాగ్నర్ వినాలని ఉందా, ఉంటే వాయిస్తాను, వద్దనుకున్నవాళ్లు వెళ్లవచ్చు అన్నాడు. హాల్లో అరగంటసేపు వాదన జరిగింది. కొందరు అరుచుకుంటూ తలుపులు దబాలున మూసి వెళ్లిపోయారు. ఎక్కువమంది ఉండిపోయారు. వాయించాడు, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత నిర్వాహకులకు ఇచ్చిన మాట తప్పాడని దుమారం రేగింది, క్షమాపణ చెప్పేదాకా ఆయన్ని దూరం పెట్టాలని అక్కడి పార్లమెంటు కమిటీ ఒకటి పిలుపునిచ్చింది.

ఆయన శ్రోతలకు ఎంచుకునే వీలు ఇచ్చాడు, అది నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. నిర్వాహకులకు మాత్రం ఇవ్వలేదు, దెబ్బ అటునుంచే వచ్చింది. మీ విషయంలో శ్రోతలకూ నిర్వాహకులకూ ఇద్దరికీ ఆ వీలు దొరకలేదు. అందులోనూ మీ శ్రోతలు టిక్కెట్టు కొని మీ కోసం వచ్చినవాళ్లు కారు. అమ్మవారి అలంకారం చూసి, ప్రసాదం పట్టుకుని, కాసేపు కూర్చుందామని వచ్చినవాళ్లు. గద్దర్ సభకు వెళ్లేవాడికి ఏం వినబోతున్నాడో ఇంటి దగ్గరే తెలుసు. మీ మండపంలో కూర్చున్నవాళ్లకు తెలియదు. తెలియనివాళ్లకు వినిపించడమే కదా అసలు పని అని మీరు అడగవచ్చు. ఆ మాటను నేను కాదనలేను, నిజంగా వినవలసినవాళ్లు వాళ్లే. కాకపోతే వాళ్లు లేచి వెళ్లారని బాధపడే హక్కు మీకు తగ్గుతుంది. వెళ్లడం కూడా ఒక అభిప్రాయమే.

నష్టం గురించి మీకు నిజం చెప్పాలి. గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ రాసి, ఊరూరా పాడి 1920లలో జైలుకు వెళ్లారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో పేదరికంలో పోయారు. గద్దర్ మీద 1997 ఏప్రిల్ 6న కాల్పులు జరిగాయి, ఒక తూటా 2023లో పోయేదాకా ఆయన ఒంట్లోనే ఉంది. మీ సంప్రదాయంలోనే చూడండి. కర్ణాటక సంగీతంలోని కులవివక్షను బహిరంగంగా విమర్శించే గాయకుడు టి.ఎం.కృష్ణ ఢిల్లీ కచేరీని 2018 నవంబరులో సోషల్ మీడియాలో దుమారం రేగాక నిర్వాహకులు వాయిదా వేసుకున్నారు. అదే తేదీకి ఢిల్లీ ప్రభుత్వం ఇంకో వేదిక ఇచ్చింది, ఆయన అక్కడ పాడారు. 2024లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ప్రకటిస్తే, కొందరు పేరున్న కళాకారులు ఆ ఉత్సవం నుంచి తప్పుకున్నారు. ఆయన మాటలతో మీరు ఏకీభవిస్తారా లేదా అన్నది పక్కన పెట్టండి. ఆయనకు ఒక తలుపు మూసుకుంటే రోజుల్లో ఇంకోటి తెరుచుకుంది. జిల్లా కేంద్రంలో ఉండే బి-హై గాయనికి అలా తెరుచుకోదు. మీ ఊళ్లో ఉన్నవి మూడు నాలుగు సభలు, వాటి కార్యదర్శులంతా ఒకరికొకరు తెలిసినవాళ్లు. పెద్ద పేరున్నవాళ్లను చూపించి ‘వాళ్లు చేయలేదా’ అని మిమ్మల్ని ముందుకు తోసేవాళ్లుంటారు, వాళ్ల మాట మీద నడవకండి.

అలాగే, నోరు మూసుకోవడమంతా పిరికితనం కాదు. ఎన్టీ రామారావు ప్రభుత్వం రాష్ట్ర సంగీత నాటక అకాడమీని రద్దు చేసినప్పుడు బాలమురళీకృష్ణ ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా రాష్ట్రంలో పాడనన్నారు. పాడకపోవడమే ఆయన చెప్పిన మాట. మద్రాసులో డి.కె.పట్టమ్మాళ్ మరో దారి పట్టారు. స్వాతంత్ర్యోద్యమ కాలంలో త్యాగయ్య కృతులు, దీక్షితర్ కృతులు పాడే కచేరీలోనే తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి దేశభక్తి పాటలు పాడారు. ఒక్క ఉపన్యాసం అక్కర్లేకుండా ఆమె ఏ వైపు ఉన్నారో జనానికి తెలిసింది.

ఇప్పుడు సంక్రాంతి సభ. మీ ముందు కొన్ని దారులున్నాయి.

వాళ్లడిగినట్టు మామూలు జాబితా పంపి, కీర్తనలు పాడి రావచ్చు. అందులో సిగ్గుపడాల్సింది లేదు. ప్రతి వేదికా మోయాలని లేదు, వేడి చల్లారుతుంది, మృదంగం ఆయన మళ్లీ పక్కన కూర్చుంటారు. అయితే ఒకటి. మీరు భయపడి తగ్గారని కొందరు అనుకుంటారు, మీకూ లోలోపల అలాగే అనిపిస్తే ఆ కచేరీ బాగా రాదు. గొంతుకు ఆ బరువు వెంటనే తెలిసిపోతుంది, మీకు నేను చెప్పనక్కర్లేదు.

లేదా జాబితాలోనే ‘బ్రహ్మమొక్కటే’ తర్వాత ‘జాషువా పద్యాలు, రాగమాలిక’ అని రాసి పంపవచ్చు. నాకైతే ఈ దారి ఎక్కువ నచ్చింది. వాళ్లు సరే అంటే మీరు దొంగచాటుగా చేసిందేమీ లేదు. వద్దంటే ఏది వద్దంటున్నారో వాళ్ల నోటితో చెప్పాలి, ‘వివాదం’ అనే మాట చాటున దాక్కోలేరు. అన్నమయ్య పక్కన జాషువాను పెట్టినప్పుడు ఒకరు ఇంకొకరిని మింగకుండా చూసుకోండి. జాషువాను భక్తి పద్యంలా మెత్తగా చేసి పాడితే ఎవరూ లేచి వెళ్లరు, ఎవరికీ ఏమీ తగలదు కూడా. ఈసారి ముందుమాట మానేసి చూడండి. జాషువా తెలుగు అందరికీ అర్థమయ్యే తెలుగు. పద్యం తనంతట తాను చెప్పగలదు.

వాళ్లు వద్దంటే ఆ కచేరీ వదులుకోవడం మూడోది. వదులుకుంటే పారితోషికం పోతుంది, ఆ సభకు మళ్లీ కొన్నేళ్లు పిలుపు రాకపోవచ్చు. దాని బదులు సెప్టెంబరు 28న జాషువా జయంతి సభలు జరుగుతాయి, కళాశాలలున్నాయి, గ్రంథాలయాలున్నాయి. అక్కడ నలభై నిమిషాలు పూర్తిగా ‘గబ్బిలం’ మీదే పాడవచ్చు. ఆ శ్రోతలకు కర్ణాటక సంగీతం కొత్త కావచ్చు, మీకు ఆ శ్రోతలు కొత్త కావచ్చు. ఇద్దరికీ మంచిదే.

గ్రేడు గురించి బెంగ వద్దు. ఆకాశవాణి నియమాల్లో ప్రసారంలో పార్టీని పేరుపెట్టి విమర్శించకూడదని ఉంది, జాషువాను పాడకూడదని లేదు. భర్త విషయం కొంచెం వేరు. ప్రభుత్వ ఉద్యోగి పార్టీల్లో పాల్గొనకూడదు, ప్రచారం చేయకూడదు. మీ పద్యం ఆయనకు అంటదు. మీరు పార్టీ ప్రచార గీతం పాడితే, నియమం ఆయన్ని పట్టుకోకపోయినా పుల్ల పెట్టేవాళ్లు పుట్టుకొస్తారు.

ఆ పార్టీ పిలుపు దగ్గర మాత్రం నా అభిప్రాయం దాచను. పార్టీ సభల్లో పాడేవాళ్లంటే నాకు చిన్నచూపు లేదు. ధూంధాం వేదికల మీద గొంతులు అరగదీసుకుని తెలంగాణ ఉద్యమాన్ని నడిపిన కళాకారులను చూశాం, వాళ్లలో కొందరు తర్వాత చట్టసభలకూ వెళ్లారు. తాము నమ్మిన జెండా కింద పాడటం నిజాయితీ గల పనే. ఆ పార్టీని మీరు నిజంగా నమ్మితే, పద్యం గొడవ లేకపోయినా వాళ్ల కోసం పాడేదాన్నే అని మీకనిపిస్తే, వెళ్లండి. తెలిసే వెళ్లండి: ఎన్నికలు అయ్యేదాకా ప్రచార రథం మీద మీ గొంతు సందుసందునా తిరుగుతుంది, ఆ తర్వాత ఐదేళ్లు ఆ రంగు మీకు అంటుకుని ఉంటుంది. రికార్డింగు మీద హక్కు ఎవరిది, సాహిత్యంలో ఎవరినైనా తిట్టే చరణం ఉందా, కాగితం మీద రాయించుకోండి.

మీ ఉత్తరం చూస్తే మీకు ఆ పార్టీ మీద ఇష్టం ఉన్నట్టు ఎక్కడా కనబడలేదు. సొమ్ము అంకె ఉంది, అలసట ఉంది. అలా అయితే ఒప్పుకోవద్దని నా సలహా. మీరు ఆ సొమ్ము తీసుకున్న రోజున, దసరా కచేరీలో గుడి మెట్ల గురించి మీరు అడిగిన ప్రశ్న వెనక్కి వెళ్లి ఒక పార్టీ ప్రకటన అయిపోతుంది. ఆ రోజు వెనకాల నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లు ఉన్నారే, వాళ్లలో ఎంతమందికి ఆ మెట్ల కథ సొంత ఇంటి కథో మీకు తెలియదు. వాళ్లు మిమ్మల్ని ఏ పార్టీ మనిషని అనుకోకుండానే విన్నారు.

ఆ నాయకుడికి మీరే ఫోను చేసి చెప్పండి, భర్త చేత చెప్పించకండి. “పిలిచినందుకు కృతజ్ఞతలండీ, నేను పార్టీ వేదికల మీద పాడను” అంటే చాలు. కారణాలు వివరించబోతే బేరం మొదలవుతుంది. పాఠం మానేసిన పిల్లల తల్లిదండ్రులకు కూడా ఒకసారి కబురు పంపండి. పాఠంలో సరళీ స్వరాలూ కీర్తనలే ఉంటాయని, పిల్లలను ఏ వేదికకైనా వాళ్లను అడిగే తీసుకెళ్తానని చెప్పండి. రావచ్చు, రాకపోవచ్చు. ఈ రెండు పనులకన్నా ముందు మాత్రం మృదంగం ఆయన ఇంటికి వెళ్లండి. సంక్రాంతి జాబితా చేతిలో పట్టుకుని వెళ్లండి, సభకు పంపకముందే ఆయన చూసినట్టవుతుంది.